తప్పు చేసినవాడి తరఫున మా అమ్మాయి వాదించవచ్చా?

ప్రశ్న: మా అమ్మాయి లా చదివి రెండేళ్లుగా ఒక క్రిమినల్ లాయరు గారి దగ్గర జూనియర్‌గా పనిచేస్తోంది. ఈ మధ్య ఒక హత్య కేసులో వాళ్ల ముద్దాయిని కోర్టు నిర్దోషిగా విడుదల చేసింది. ఆ రోజు కోర్టు వరండాలో, చనిపోయినాయన భార్య మా అమ్మాయి చెయ్యి పట్టుకుని ‘నీకూ తండ్రి ఉన్నాడు కదమ్మా’ అందట. ఇంటికి వచ్చి ఆ మాట చెప్పి, అన్నం ముందు నుంచి లేచిపోయింది. నేను ఉండబట్టలేక ‘ఇంతకీ అతను చేశాడా, లేదా?’ అని అడిగాను. జవాబు చెప్పలేదు. ఆ మౌనానికి అర్థం ఏమిటో తెలియక నాలో నేనే కుమిలిపోతున్నాను. పెళ్లిళ్లకు వెళితే బంధువులు ‘మీ అమ్మాయి హంతకుల లాయరటగా’ అని నవ్వుతూనే అంటున్నారు. జడ్జీలకు నిజం తెలియదా? తెలిసీ ఎలా వదిలేస్తారు? సివిల్ వైపు మారమని మా అమ్మాయికి చెప్పమంటారా?
— ఒక తల్లి

సమాధానం:

అమ్మా,

ముందు ఆ మౌనం సంగతి తేలుద్దాం. బంధువుల ఎత్తిపొడుపుల కన్నా, జడ్జీల మీద అనుమానం కన్నా మిమ్మల్ని ఎక్కువగా తొలిచేస్తున్నది అదేనని ఉత్తరం చదవగానే తెలుస్తోంది. మీ అమ్మాయి నోరు విప్పలేదంటే ‘చేశాడు’ అని అర్థం లేదు, ‘చేయలేదు’ అని అర్థమూ లేదు. క్లయింటు తన లాయరుతో చెప్పుకున్న మాట బయటపెట్టకూడదని చట్టమే కట్టడి చేసింది. సీనియర్‌కు ఎంతో, ఆ ఆఫీసులో పనిచేసే జూనియర్‌కూ గుమాస్తాకూ అంతే. కేసు ముగిసినా ఆ కట్టడి ముగియదు. రేపు చేయబోయే నేరానికి లాయరు సాయం అడిగితే ఆ మాటకు రక్షణ ఉండదు గానీ, జరిగిపోయిన దాని గురించి చెప్పుకున్నది మాత్రం ఆ గదిలోనే ఉండిపోవాలి.

ఇందులో ఇంకో చిక్కు ఉంది. మీ మనసు కుదుటపడాలని ‘అబ్బే, అతను చేయలేదమ్మా’ అని ఈసారి చెప్పిందనుకోండి. వచ్చే కేసులో ఆ మాట అనకుండా ఊరుకుంటే మీరు ఇట్టే పసిగట్టేస్తారు. అందుకే బుద్ధిమంతులైన లాయర్లు ఇంట్లో అన్ని కేసులకూ ఒకటే జవాబు పెట్టుకుంటారు, ఏమీ చెప్పకపోవడం. రెండేళ్లకే ఈ పద్ధతి పట్టుబడిందంటే మీ అమ్మాయికి మంచి సీనియరే దొరికారన్నమాట.

అసలు ఆమెకు తెలిసే ఉండకపోవచ్చు. సినిమాల్లో లాయరు ముద్దాయి కళ్లలోకి చూసి ‘నిజం చెప్పు, నువ్వు చంపావా?’ అని అడుగుతాడు. అనుభవం ఉన్న డిఫెన్స్ లాయర్లు చాలామంది ఆ ప్రశ్న అడగరు. వాళ్లు అడిగేవి వేరు. పోలీసులు ఏమంటున్నారు? ఛార్జిషీటులో సాక్షులు ఎవరెవరు? ఆ రాత్రి అక్కడ దీపం ఉందా? ఫిర్యాదు ఎన్ని గంటలకు రాశారు, మేజిస్ట్రేటుకు ఎప్పుడు చేరింది? మీకు ఇది తప్పించుకునే తెలివిలా కనబడవచ్చు. కానీ కోర్టు ముందున్న ప్రశ్న ‘ఇతను చేశాడా?’ అన్నది కాదమ్మా. ‘చేశాడని ప్రాసిక్యూషన్ సందేహానికి తావు లేకుండా రుజువు చేసిందా?’ అన్నది. మొదటి ప్రశ్నకు జవాబు తెలిసినవాళ్లు కోర్టు హాల్లో ఒకరిద్దరే ఉంటారు, ఒక్కోసారి ఒక్కరూ ఉండరు. రెండో ప్రశ్నకు జవాబు అక్కడ కూర్చున్న ఎవరైనా కాగితాలు చూసి చెప్పగలిగేలా ఉండాలి.

మరి ముద్దాయే తన నోటితో ‘నేనే చేశాను’ అని లాయరుతో చెప్పేస్తే? మీరు అడగలేదు గానీ, మీ మనసులో ఉన్నది ఇదే. ఈ ప్రశ్న పాతది. 1840లో లండన్‌లో లార్డ్ విలియం రస్సెల్ అనే వృద్ధుడు తన పడకమీద గొంతు తెగి చనిపోయి కనిపించాడు. ఇంట్లో పనిచేసే కుర్వాజియే అనే స్విస్ నౌకరు మీద కేసు పెట్టారు. అతని తరఫున చార్లెస్ ఫిలిప్స్ అనే పేరున్న లాయరు నిలబడ్డాడు. మొదట్లో ఫిలిప్స్ తన క్లయింటు అమాయకుడనే నమ్మాడు. పోలీసులనూ, ఇంట్లో పనిచేసే అమ్మాయినీ గట్టిగానే ప్రశ్నించాడు. విచారణ మధ్యలో కథ అడ్డం తిరిగింది. పోయిన వెండి సామాను ఫలానా హోటల్లో ఈ నౌకరే దాచిపెట్టి వెళ్లాడని చెప్పే కొత్త సాక్షి దొరికింది. అప్పుడు కుర్వాజియే బోనులో నుంచే లాయరును దగ్గరికి పిలిచి, చంపింది తానేనని ఒప్పుకున్నాడు. ‘అయితే నేరం అంగీకరిస్తావన్నమాట’ అన్నాడు ఫిలిప్స్. లేదు, మీరు చివరిదాకా నా తరఫున వాదించాల్సిందే అన్నాడు ముద్దాయి.

ఫిలిప్స్‌కు కాళ్లూ చేతులూ ఆడలేదు. కేసు వదిలేద్దామనుకున్నాడు. ఆ విచారణలో ప్రధాన న్యాయమూర్తి పక్కన కూర్చున్న ఇంకో జడ్జి బ్యారన్ పార్క్ దగ్గరికి వెళ్లి సలహా అడిగాడు. తనకు ఈ సంగతి చెప్పినందుకు పార్క్ చిరాకుపడ్డాడు. అయినా, ముద్దాయి పట్టుబడుతున్నాడు కనుక వదలడానికి వీల్లేదని, సాక్ష్యంలో నుంచి పుట్టే న్యాయమైన వాదనలన్నీ వినిపించి తీరాలని చెప్పాడు. ఫిలిప్స్ వాదించాడు. జూరీ (దోషా కాదా అని తేల్చే మామూలు పౌరుల బృందం) దోషి అంది, ఆ జూలైలో ఉరి తీశారు. తర్వాత ఒప్పుకోలు సంగతి బయటికి పొక్కి పత్రికలు ఫిలిప్స్‌ను ఏళ్ల తరబడి ఏకిపారేశాయి. అంతా తెలిసీ వాదించాడన్నది ఒక నింద. అమాయకులైన పనివాళ్ల మీదికి అనుమానం మళ్లించాడన్నది ఇంకో నింద.

ఆ రెండు నిందల్లో మొదటిది నిలవదు, రెండోది నిజమైతే మాత్రం చాలా పెద్దది. ఇవాళ చాలా దేశాల్లో లాయర్ల నియమావళి గీసిన గీత సరిగ్గా అక్కడే ఉంది. క్లయింటు ఒప్పుకున్నాక కూడా లాయరు ప్రాసిక్యూషన్ సాక్షులను పరీక్షించవచ్చు, ‘ఈ సాక్ష్యం చాలదు’ అని వాదించవచ్చు. ‘ఆ రోజు ఇతను ఊళ్లోనే లేడు’ అని మాత్రం చెప్పకూడదు. అబద్ధమని తెలిసిన సాక్షిని బోనెక్కించకూడదు, ఇంకెవరో చేశారని వేలు చూపకూడదు. ‘రుజువు కాలేదు’ అనడం వేరు, ‘జరగలేదు’ అనడం వేరు. మీ అమ్మాయి వృత్తి అంతా ఆ రెండు మాటల మధ్య ఉన్న ఇరుకు సందులోనే నడుస్తుంది. స్కాట్లండ్ కోర్టుల్లోనైతే శతాబ్దాలపాటు దోషి, నిర్దోషి అనే రెండింటితో పాటు ‘రుజువు కాలేదు’ అనే మూడో తీర్పు కూడా ఉండేది. మన దగ్గర అది లేదు గనుక, సంశయలాభం మీద బయటపడ్డవాడూ, నిజంగా ఏ పాపం ఎరుగనివాడూ ఒకే గుమ్మం గుండా బయటికి వస్తారు. వరండాలో నిలబడి చూసేవాళ్లకు తేడా తెలియదు.

ఈ వ్యవహారం లాయరు లేకుండా నడిస్తే ఎలా ఉంటుందో చూపించే ఉదంతం ఒకటి చెబుతాను. 1961లో అమెరికాలోని ఫ్లోరిడాలో క్లారెన్స్ ఎర్ల్ గిడియన్ అనే బీదవాడి మీద ఒక ఆటల హాలులోకి చొరబడి దొంగతనం చేశాడని కేసు పెట్టారు. డబ్బు లేదు, లాయరును ఇప్పించండి అని జడ్జిని అడిగాడు. మరణశిక్ష పడే కేసులకే ఇస్తాం, దీనికి కుదరదన్నారు. తనే వాదించుకున్నాడు. అయిదేళ్ల శిక్ష పడింది. జైల్లో కూర్చుని పెన్సిలుతో సుప్రీంకోర్టుకు అర్జీ రాసుకున్నాడు. 1963లో ఆ కోర్టు, తీవ్రమైన నేరారోపణ ఎదుర్కొనే బీదవాడికి ప్రభుత్వమే లాయరును ఇవ్వాలని ఏకగ్రీవంగా తీర్పు చెప్పి కేసును మళ్లీ విచారించమంది.

నాకు ఆ కేసులో నచ్చేది సుప్రీంకోర్టు తీర్పు కన్నా రెండో విచారణలో వచ్చిన ఒక చిన్న ప్రశ్న. ఆ తెల్లవారుజామున గిడియన్‌ను ఎక్కించుకున్న టాక్సీ డ్రైవరు మొదటిసారి చెప్పిన సాక్ష్యం ప్రాణం తీసేలా ఉంది. ‘ఎవరైనా అడిగితే నన్ను చూడలేదని చెప్పు’ అని గిడియన్ తనతో అన్నాడట. వింటే దొంగ మాటలాగే ఉంది కదా! తన కేసు తనే వాదించుకున్న గిడియన్‌కు దాన్ని ఎలా విప్పాలో తెలియలేదు. రెండోసారి లాయరు లేచి డ్రైవరును ఒక్కటే అడిగాడు. ఈ మాట అతను అంతకు ముందు ఎప్పుడైనా అన్నాడా? అన్నాడండీ, టాక్సీ పిలిచినప్పుడల్లా అనేవాడు, ఇంట్లో భార్యతో ఏదో గొడవ ఉందని అనుకున్నాను అన్నాడు డ్రైవరు. అంతే, ఆ సాక్ష్యం చప్పబడిపోయింది. జూరీ గంట సేపట్లో నిర్దోషి అని చెప్పింది. సాక్షి రెండుసార్లూ నిజమే చెప్పాడు చూడండి. మొదటిసారి సగం నిజం మాత్రమే బయటికి వచ్చింది, మిగతా సగం అడిగేవాళ్లు లేక అతని నోట్లోనే ఉండిపోయింది.

మన దేశంలో అదే పాఠం ఇంకా చేదుగా వచ్చింది. 1979లో హుస్సేనారా ఖాతూన్ కేసులో, బీహార్ జైళ్లలో కొందరు విచారణ ఖైదీలు తమ మీద ఉన్న నేరానికి పడగలిగే గరిష్ఠ శిక్ష కన్నా ఎక్కువ కాలం తీర్పు లేకుండానే మగ్గుతున్నారని సుప్రీంకోర్టు ముందుకు వచ్చింది. బీదవాడికి ఉచిత న్యాయ సహాయం హక్కు అని అప్పుడు గట్టిగా చెప్పారు. 1987లో దానికోసం ప్రత్యేక చట్టం వచ్చింది. ఇవాళ లాయరును పెట్టుకునే స్తోమత లేని ముద్దాయికి కోర్టే ఇప్పిస్తోందంటే దాని వెనక ఇంత కథ ఉంది.

ఇక జడ్జీల సంగతి. ‘నిజం తెలిసీ ఎలా వదిలేస్తారు?’ అన్నారు. జడ్జికి తెలిసింది ఏదైనా ఉంటే అది రికార్డులో ఉన్నదే. ఊళ్లో అనుకునేది, టీవీలో విన్నది, తన మనసుకు తోచింది తీర్పులో రాయడానికి వీల్లేదు. మీకు ఎప్పుడైనా వీలైతే కోర్టు హాల్లో వెనక బెంచీ మీద ఒక పూట కూర్చోండి. ఎవరూ వెళ్లగొట్టరు. సాక్షి తన మాటల్లో చెబుతాడు. జడ్జి గారు దాన్ని వాక్యంగా మలిచి పక్కనున్న ఉద్యోగితో టైపు చేయిస్తారు. ‘సందులో ఎవరో పరిగెత్తినట్టు అనిపించిందండీ, ఇతనే అయి ఉంటాడు’ అంటాడు సాక్షి. ‘ముద్దాయి పరిగెత్తుతుండగా చూశాను’ అని టైపు కాబోతుంది. అప్పుడు జూనియర్ సీనియర్ చెవిలో ఏదో చెబుతుంది, సీనియర్ లేచి ‘సాక్షి అన్నది అది కాదండీ’ అంటారు. జడ్జి మళ్లీ అడిగి వాక్యం సరిచేయిస్తారు. నాలుగు మాటల తేడా. కొన్నేళ్ల తర్వాత తీర్పు రాసేది, మధ్యలో బదిలీ మీద వచ్చిన ఇంకో జడ్జి కావచ్చు. ఆయన సాక్షి ముఖం చూడలేదు, గొంతు వినలేదు. ఆయన చేతిలో ఉన్నది ఆ కాగితమే. ఆ నాలుగు మాటలు సరిగ్గా పడటానికి చెవులు రిక్కించి కూర్చోవడమే మీ అమ్మాయి చేస్తున్న పనిలో పెద్ద భాగం. గొంతు చించుకుని వాదించే రోజులు ఏడాదికి కొన్నే ఉంటాయి.

రుజువు చేయాల్సిన భారం ప్రాసిక్యూషన్‌దే అన్న మాట ఆదినుంచీ ఇంత స్పష్టంగా ఏమీ లేదు. ఇంగ్లండ్‌లో 1934 డిసెంబరులో రెజినాల్డ్ వూల్మింగ్టన్ అనే ఇరవై ఒక్కేళ్ల వ్యవసాయ కూలీ చేతిలోని తుపాకీ పేలి, పుట్టింటికి వెళ్లిపోయిన అతని భార్య చనిపోయింది. బెదిరించి వెనక్కి తెచ్చుకుందామని వెళ్లాను, ‘నువ్వు రాకపోతే నేను చస్తాను’ అని చూపించబోతే పొరపాటున పేలింది అన్నాడు. పొరపాటున పేలిందని నమ్మించాల్సిన బాధ్యత ముద్దాయిదేనని జడ్జి జూరీకి చెప్పాడు. ఉరిశిక్ష పడింది. 1935లో, అప్పట్లో అక్కడి అత్యున్నత న్యాయస్థానమైన హౌస్ ఆఫ్ లార్డ్స్ ఆ శిక్షను కొట్టేసింది. నేరాన్ని రుజువు చేయాల్సింది ప్రాసిక్యూషనేనని, ముద్దాయి తన అమాయకత్వాన్ని రుజువు చేసుకోనక్కర లేదని తేల్చి చెప్పింది. అతను చెప్పింది నిజమో కాదో నాకూ మీకూ ఎప్పటికీ తెలియదు. ఉరికంబం దగ్గర ఉన్న మనిషిని ‘నువ్వే నిరూపించుకో’ అనడం మాత్రం ఎంత ప్రమాదమో తెలుస్తుంది.

మన సుప్రీంకోర్టు 1973లో కాళీరామ్ కేసులో, ఒకే సాక్ష్యం మీద రెండు అభిప్రాయాలకు తావుంటే ముద్దాయికి అనుకూలమైన దాన్నే తీసుకోవాలంది. బంధువులు దీన్ని మీ ముందు తప్పకుండా ప్రస్తావిస్తారు, ‘వందమంది దోషులు తప్పించుకున్నా ఫరవాలేదట’ అని. (ఇంగ్లండ్ న్యాయకోవిదుడు బ్లాక్‌స్టోన్ పద్దెనిమిదో శతాబ్దంలో అన్నది పదిమంది అనే. మన సినిమా కోర్టుల్లో అది వందగా వినబడుతుంది. ఇంకొన్నాళ్లకు వెయ్యి అవుతుందేమో.) కానీ అదే 1973లో, శివాజీ బోబడే కేసులో, జస్టిస్ కృష్ణయ్యర్ ఈ సూత్రాన్ని మితిమీరి వాడవద్దని గట్టిగానే హెచ్చరించారు. గాలిలో నుంచి పుట్టిన ప్రతి సందేహానికీ ముద్దాయిని వదిలేస్తే జనానికి చట్టం మీద నమ్మకం పోతుందన్నారు. సందేహం అంటే కారణం చెప్పగలిగిన సందేహం. జడ్జి ఆ కారణాన్ని తీర్పులో రాయాలి. పై కోర్టు దాన్ని చదివి తప్పయితే కొట్టేయాలి.

కాబట్టి అమ్మా, ఆ తీర్పు ప్రతిని సంపాదించి చదవండి. అది బహిరంగ పత్రమే, మీ అమ్మాయి ఏ రహస్యమూ చెప్పనక్కర లేదు. నిర్దోషిగా విడుదలైన కేసుల తీర్పులు చదివితే తరచుగా కనబడేవి ఇవీ: ముఖ్య సాక్షులు కోర్టులో అడ్డం తిరిగారు, గుర్తింపు పరేడ్ (కొందరిని వరసగా నిలబెట్టి ముద్దాయిని గుర్తుపట్టమనడం) ఆలస్యంగా పెట్టారు, అంతకు ముందే ముద్దాయి ఫోటో అందరూ చూసేశారు, స్వాధీనం చేసుకున్న కత్తికి సీలు సరిగా వేయలేదు, పంచనామా మీద సంతకం చేసినవాళ్లు తమకు ఏమీ తెలియదన్నారు. వీటిలో ఏదీ డిఫెన్స్ లాయరు చేతిపని కాదు. దర్యాప్తులో చిరుగు ఉంటే దాన్ని చూపించడం ఆయన పని. చిరుగు పెట్టినవాళ్లను వదిలేసి చూపించిన వాళ్ల మీద పడటం మన జనానికి అలవాటైపోయింది. నిజం చెప్పాలంటే, మంచి డిఫెన్స్ లాయర్లు ఉన్న చోట దర్యాప్తు అధికారులు ఒళ్లు దగ్గర పెట్టుకుని పనిచేస్తారు. అడిగేవాడు లేకపోతే కాగితాలు ఎవరికి తోచినట్టు వాళ్లు నింపేస్తారు.

ప్రత్యక్ష సాక్షి చూశాడు కదా, ఇంకేం కావాలి అనేవాళ్లకు కర్క్ బ్లడ్స్‌వర్త్ కథ వినిపించండి. అమెరికాలోని మేరీల్యాండ్‌లో ఒక చిన్న పాపను చంపాడని 1985లో అతనికి మరణశిక్ష వేశారు. చూశామని చెప్పినవాళ్లు ఒకరు కాదు, అయిదుగురు. 1993లో డీఎన్‌ఏ పరీక్షతో అతను కాదని తేలింది. ఆ అయిదుగురూ అబద్ధాలాడినవాళ్లు కారు, పొరపడినవాళ్లు.  తర్వాత పదేళ్లకు దొరికిన అసలు హంతకుడు, జైల్లో ఇతని కింది అంతస్తులోనే కొన్నాళ్లు ఉన్నాడట.

ఇంతవరకూ మీ అమ్మాయి వైపు మాట్లాడాను. ఇప్పుడు రెండో వైపు. డిఫెన్స్ లాయర్లు చేసేదంతా పవిత్రమైన పనేనని నేను అనను. వాయిదాల మీద వాయిదాలు అడిగి, దూరం నుంచి కూలి పోగొట్టుకుని వచ్చిన సాక్షిని నాలుగుసార్లు తిప్పి పంపి, అయిదోసారి రాకుండా చేసేవాళ్లు ఉన్నారు. అత్యాచారం కేసులో బాధితురాలి మీద బురద చల్లడమే క్రాస్ ఎగ్జామినేషన్ అనుకునేవాళ్లు ఉన్నారు. 1996లో గుర్మీత్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు, ఇలాంటి ప్రశ్నలు వేస్తుంటే జడ్జి బొమ్మలా చూస్తూ కూర్చోకూడదని చెప్పింది. తర్వాత, అలాంటి కేసుల్లో బాధితురాలి నడవడిక గురించి ప్రశ్నలు వేయడాన్ని చట్టం కూడా నిషేధించింది. సాక్షిని పరీక్షించడం లాయరు హక్కు, చిత్రవధ చేయడం హక్కు కాదు. మీరు తల్లిగా అడగదలచుకుంటే ఇది అడగండి: ‘మీ ఆఫీసులో సాక్షులతో ఎలా మాట్లాడతారు? మీ సీనియర్ వాయిదా ఎందుకు అడుగుతారు?’ ‘అతను చేశాడా?’ అన్నదానికి ఆమె జవాబు చెప్పలేదు. వీటికి చెప్పగలదు. జవాబులు మీకు నచ్చకపోతే మారాల్సింది సీనియర్, వృత్తి కాదు.

చనిపోయినాయన భార్య అన్న మాట మీ అమ్మాయిని పట్టుకుని ఉంటుంది, కొంతకాలం వదలదు. వదలాలని కూడా నేను అనుకోను. అలాంటి మాట విని అన్నం తిని హాయిగా నిద్రపోయే జూనియర్‌ను నా ఆఫీసులో పెట్టుకోవడానికి నేను వెనకాడతాను. కానీ మీ అమ్మాయికి ఒక సంగతి గుర్తు చేయండి. క్రిమినల్ కేసులో ముద్దాయికి ఎదురుగా నిలబడేది బాధితురాలు కాదు, ప్రభుత్వం. పోలీసులు, ఫోరెన్సిక్ ల్యాబు, పబ్లిక్ ప్రాసిక్యూటరు, వాళ్ల వెనక ఖజానా ఉన్నాయి. ఇంత బలగం ఉండి కూడా చనిపోయినాయన భార్యకు న్యాయం చేయలేకపోతే, ఆమె చెయ్యి పట్టుకుని అడగాల్సినవాళ్లు వేరే ఉన్నారు. దుఃఖంలో ఉన్న మనిషి, ఎదురుగా కనిపించిన నల్లకోటును పట్టుకుంది, అంతే. దానికి ఆమెను తప్పుపట్టనూ కూడదు.

ఆమెకు దారి మూసుకుపోలేదు కూడా. ప్రభుత్వం అప్పీలు చేయవచ్చు. ప్రభుత్వం చేయకపోయినా, 2009లో చేసిన చట్ట సవరణ ప్రకారం బాధితులే నిర్దోషి తీర్పు మీద అప్పీలుకు వెళ్లవచ్చు. హతుడి వారసులు కూడా ‘బాధితులు’ అన్న మాటలోకి వస్తారు. 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన కొత్త చట్టమూ ఆ హక్కును అలాగే ఉంచింది. ఈ సంగతి ఆమెకు చెప్పాల్సింది ప్రాసిక్యూటరు, లేదా జిల్లా న్యాయసేవాధికార సంస్థ. మీ అమ్మాయి చెప్పకూడదు, తను అవతలి పక్షం మనిషి. జాలిపడి మీరూ వెళ్లి చెప్పకండి. మీరు చెప్పినా అది మీ అమ్మాయి ఆఫీసు నుంచి వచ్చిన మాటే అవుతుంది.

పెళ్లిళ్లలో బంధువులకు ఏం చెప్పాలన్నది మీ ఇష్టం. ఉత్తినే నవ్వి ఊరుకోవడమే మేలు. ఊరుకోలేకపోతే ఈ రెండు సంగతులు చేతిలో ఉంచుకోండి. 1770లో బోస్టన్‌లో బ్రిటిష్ సైనికులు గుంపు మీద కాల్పులు జరిపి అయిదుగురిని చంపినప్పుడు, ఊరంతా పళ్లు కొరుకుతుంటే వాళ్ల తరఫున వాదించినవాడు జాన్ ఆడమ్స్. స్వయంగా బ్రిటిష్ పాలనకు వ్యతిరేకి. కెప్టెనూ, ఎనిమిది మంది సైనికుల్లో ఆరుగురూ బయటపడ్డారు, ఇద్దరికి హత్య కన్నా తక్కువ నేరం కింద శిక్ష పడింది. ఊళ్లో మాటలు పడ్డాడు. తర్వాత అదే ఆడమ్స్ అమెరికాకు రెండో అధ్యక్షుడయ్యాడు. ఇక మన దగ్గర, ముంబయి దాడుల్లో కెమెరాల్లో తుపాకీతో కనబడిన కసబ్‌కు కూడా లాయరును ఇచ్చారు. సుప్రీంకోర్టులో రాజు రామచంద్రన్ అనే సీనియర్ న్యాయవాది కోర్టు కోరిక మీద అతని తరఫు వాదన వినిపించారు. 2012లో ఉరిశిక్ష ఖాయమైంది. ఆ శిక్షను ఎవరూ వేలెత్తి చూపలేకపోవడానికి ఆ వాదన కూడా ఒక కారణం. అంతకు రెండేళ్ల ముందే, ఫలానా ముద్దాయిల తరఫున ఎవరూ వాదించకూడదని కోయంబత్తూరు లాయర్ల సంఘం తీర్మానిస్తే, అలాంటి తీర్మానాలు చెల్లవని సుప్రీంకోర్టు కొట్టిపారేసింది. విచిత్రం ఏమిటంటే అక్కడ లాయర్లు వాదించబోమన్నది పోలీసుల తరఫున! నేరం మోపబడ్డవాడు తప్పు చేశాడన్నది తన సొంత అభిప్రాయమైనా లాయరు అతని తరఫున నిలబడాలని, లాయర్ల వృత్తికి నియమాలు పెట్టే బార్ కౌన్సిల్ నిబంధనల్లోనే ఉంది. తగిన సాక్ష్యం లేకుండా ఎవరికీ శిక్ష పడకూడదన్న చట్టానికే లాయరు విధేయుడని కూడా అందులోనే రాసి ఉంది.

చివరికి సివిల్ వైపు సంగతి. మీ అమ్మాయికి క్రిమినల్ పని మీద నిజంగా విరక్తి కలిగితే, ఆమె నోటితో ఆమే చెప్పనివ్వండి, అప్పుడు మారవచ్చు. ఒక్క కేసు, ఒక్క రాత్రి అన్నం మానేయడం చూసి మీరు నిర్ణయించకండి. కావాలంటే ఏడాదిపాటు ఏదైనా న్యాయ సహాయ కేంద్రం తరఫున బీద ముద్దాయిల కేసులు కూడా చూడమనండి. ఫీజు ఇచ్చుకోలేనివాళ్ల బెయిలు దరఖాస్తులు రాస్తే ఈ వృత్తి ఇంకో ముఖం కనబడుతుంది. సివిల్ వైపు వెళితే అబద్ధాలు వినాల్సిన అవసరం ఉండదని మాత్రం అనుకోకండి. తండ్రి వీలునామా మీద సంతకం ఎవరు పెట్టారో తేలక పాతికేళ్లు కోర్టు చుట్టూ తిరుగుతున్న అన్నదమ్ముల దావా ఒక్కటి ఆమె చేతిలో పడిందంటే, హత్య కేసులే నయమనిపిస్తుంది.